పోస్టరు మీది సైనికుడు

తాడేపల్లిగూడెం మార్కెట్ యార్డు దాటాక వరసగా వచ్చే రైసు మిల్లుల్లో శేషగిరిరావుగారి మిల్లు ఒకటి. గేటు లోపల కాటా పక్కన చిన్న గది ఉంటుంది. ధాన్యం లారీ లోపలికి రావాలన్నా, బియ్యం లారీ బయటికి పోవాలన్నా ఆ గదిలో కూర్చునే జయంత్ చూసి వదలాలి. నలభైకి దగ్గర పడుతున్న మనిషి. ఇస్త్రీ చొక్కా, పొట్టి క్రాపు. ఎడమ కాలు మోకాలి కింద నుంచి కృత్రిమ కాలు. నిలబడి ఉంటే తెలియదు, నడిస్తే తెలుస్తుంది. బస్తాలు మోసే జట్టు కూలీల దగ్గర్నుంచి లారీ డ్రైవర్ల దాకా ఆ మిల్లులో యజమాని తప్ప అతన్ని పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. మిగతా అందరికీ మిలిటరీగారే.

మాది ఆ పక్క వీధే కాబట్టి అతన్ని నేను చాలా కాలంగా ఎరుగుదును. ఎరుగుదుననుకునేవాణ్ణి అనడం సరైన మాట.

జయంత్‌ది అత్తిలి దగ్గర పల్లె. కొద్దిపాటి వరి పొలం ఉండేది. తండ్రి చిన్నప్పుడే పోతే తల్లి వీరరాఘవమ్మ పొలం కౌలుకిచ్చి కొడుకుని చదివించింది. మేనమామది గూడెం పక్కన మాధవరం. తరతరాలుగా సైన్యంలో చేరినవాళ్లున్న ఊరది. సెలవులకి అక్కడికి వెళ్లినప్పుడల్లా అరుగుల మీద కూర్చుని మాజీ సైనికులు చెప్పే కబుర్లు వింటూ పెరిగాడు. ఇంటరు అయ్యాక ఏలూరులో జరిగిన రిక్రూట్‌మెంట్ ర్యాలీకి తల్లికి చెప్పకుండా వెళ్లాడు. పరుగులో ముందొచ్చాడు. సెలక్టయ్యాడు.

కొన్నేళ్లు పనిచేశాడు. ఒక చలికాలమంతా సరిహద్దు మీద కూడా ఉన్నాడు. ఆ చలికాలంలో అతను చేసిన పని మంచు తవ్వి దారి చెయ్యడం, బస్తాలు మొయ్యడం. తుపాకి చప్పుడు విన్నది శిక్షణలోనే. తర్వాత మైదానంలో ఒక సామాన్ల డిపోకి మార్చారు. అక్కడ మే నెలలో ఒక మధ్యాహ్నం, అన్నం తిన్నాక, ఎండ భరించలేక ఆగి ఉన్న రేషను లారీ నీడలో కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. కునుకు పట్టింది. డ్రైవరు చూసుకోకుండా లారీ వెనక్కి తీశాడు.

ఆ డ్రైవరు స్నేహితుడే. ఆస్పత్రిలో మంచం పక్కన కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. విచారణకి వచ్చిన అధికారులతో, నేను నిద్రపోయానండీ, తప్పు నాది, అతనిది కాదు అని జయంత్ చెప్పాడు. ఆ మాట చెప్పడం అతనికి కష్టమనిపించలేదు. కష్టమంతా ఇంటికొచ్చాక మొదలైంది.

పూణేలో కాలు పెట్టించుకుని, నడక నేర్చుకుని సొంతూరు వచ్చేసరికి ఊళ్లో కథ తయారై ఉంది. సరిహద్దులో పోరాడుతూ తూటా తగిలి కాలు పోగొట్టుకున్నాడని. బస్సు దిగగానే దండ పడింది. కుర్రాళ్లు జై కొట్టారు. ఇంటి గుమ్మంలో దిష్టి తీస్తూ తల్లి చెవిలో చెప్పింది. "లారీ కింద పడ్డాడని నలుగురికీ చెప్పుకోనా? నువ్వేం మాట్లాడక్కర్లేదు. ఊరుకో చాలు."

అతను ఊరుకున్నాడు.

ఊరుకోవడం అబద్ధం ఆడటం కాదని కొన్నాళ్లు తనకి తాను సర్దిచెప్పుకున్నాడు. ఆగస్టు పదిహేనుకి బళ్లో జెండా ఎగరెయ్యడానికి పిలిచారు. ముందు వరసలో కూర్చున్న చిన్నపిల్ల లేచి, తూటా తగిలినప్పుడు నొప్పి పుట్టిందా అండీ అని అడిగింది. జయంత్ నోటి వెంట మాట దానంతటదే వచ్చేసింది. "అప్పుడు తెలీలేదమ్మా. తర్వాత తెలిసింది." హెడ్మాస్టరు కళ్లు తుడుచుకున్నారు. ఆ మాట అంత తేలిగ్గా ఎలా వచ్చిందో అని జయంత్ ఇంటిదాకా తల వంచుకునే నడిచాడు. ఆ తర్వాత ఎవరు పిలిచినా ఏదో వంక చెప్పి తప్పించుకునేవాడు. దాన్ని కూడా జనం వినయం అన్నారు.

పెళ్లి కూడా ఆ కథ మీదే జరిగింది. పెంటపాడు నుంచి సంబంధం వచ్చింది. దేశం కోసం కాలు ఇచ్చినవాడికి పిల్లనివ్వడం మాకు గౌరవం అని పెళ్లికూతురు ఉషశ్రీ తండ్రి పెద్దమనుషుల ముందు అన్నాడు. పెళ్లికి ముందే ఉషశ్రీకి చెప్పాలనుకున్నాడు. తర్వాత, పెళ్లయ్యాక చెబుదామనుకున్నాడు. కూతురు సింధూరి పుట్టాక ఇక చెప్పడమెందుకు అనుకున్నాడు. మిల్లులో ఉద్యోగం కూడా అంతే. శేషగిరిరావుగారు కబురు పెట్టి పిలిచి మరీ ఇచ్చారు. తన దగ్గర జీతం తీసుకునే మనిషిని ఆయన జయంత్ గారూ అనే పిలిచేవారు.

మొన్నటి వేసవిలో సరిహద్దులో కాల్పులు మొదలయ్యాయి. త్వరగానే ఆగిపోయాయి కానీ, ఆగేదాకా గూడెంలో టీవీ కట్టేసిన ఇల్లు లేదు. గాయపడి ఆస్పత్రుల్లో ఉన్న సైనికుల కోసం మనమూ ఏదైనా చెయ్యాలని వర్తకులంతా అనుకున్నారు. శేషగిరిరావుగారి అమ్మాయి సాహితి హైదరాబాదులో చిత్రకళ చదివి వచ్చి ఇంట్లోనే పిల్లలకి బొమ్మలు నేర్పుతోంది. దారి ఆ అమ్మాయే చెప్పింది. బొమ్మలు వేసేవాళ్లందరినీ అడిగితే తలా ఒకటో రెండో ఇస్తారు, కల్యాణమండపంలో పెట్టి అమ్ముదాం, వచ్చినదంతా సైనికులకి పంపుదాం అంది. అందరికీ నచ్చింది. డ్రాయింగు మాస్టార్లు, కాలేజీ పిల్లలు, రిటైరైన ఉద్యోగులు, ఎప్పుడో కుంచె వదిలేసిన గృహిణులు కూడా బొమ్మలు పంపారు. కొల్లేటి పెలికాన్ల బొమ్మలే ఒక గోడకి సరిపడా వచ్చాయి.

పోస్టరు కూడా సాహితే వేసింది. ఒక మధ్యాహ్నం తండ్రికి క్యారేజీ తెచ్చినప్పుడు గేటు గదిలో జయంత్ కనిపించాడు. ఎండాకాలం కృత్రిమ కాలు లోపల చెమట పట్టి ఒరుసుకుపోతుంది. కాసేపు తీసి పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. సాహితి దూరం నుంచి ఫోనులో ఫొటో తీసుకుంది. అతను చూడలేదు.

వారం తిరక్కుండా మిల్లు గోడ మీద పోస్టరు పడింది. పొద్దున్నే వచ్చిన జయంత్ దాని ముందు నిలబడిపోయాడు. తన మొహమే. ఒంటి మీద యూనిఫాం ఉంది. తలకి కట్టు, కట్టు మీద నెత్తుటి మరక. వెనకాల మంచు కొండలు. మోకాలి కింద ఖాళీ. కింద పెద్ద అక్షరాలతో, "మన కోసం కాలు ఇచ్చాడు. మనం ఒక బొమ్మ కొనలేమా?" అని ఉంది. దాని కింద, గాయపడిన సైనికుల సహాయార్థం చిత్రాల అమ్మకం అని, తేదీ, చోటు. జట్టు కూలీలు చుట్టూ చేరి, అచ్చం మీలాగే ఉందండీ మిలిటరీగారూ అంటున్నారు.

జయంత్ నేరుగా ఆఫీసు గదిలోకి వెళ్లి నా బొమ్మ వద్దండీ అన్నాడు. శేషగిరిరావుగారు నవ్వారు. "అది మీ సంస్కారం జయంత్ గారూ. మీలాంటివాళ్లు మీ గురించి చెప్పుకోరు. మాబోటివాళ్లం చెప్పాలి." జయంత్ కదల్లేదు. చెప్పాల్సిన మాట నాలుక చివర ఉంది. అంతలో ఆయన ఫోను మోగింది. ఆయన మాట్లాడుతుంటే జయంత్ మెల్లగా బయటికి వచ్చేశాడు. ఫోను మోగినందుకు తనకి ప్రాణం లేచొచ్చినట్టయిందని గేటు దగ్గరికి వచ్చాక గ్రహించాడు. అందుకు మరింత సిగ్గేసింది.

తర్వాత రోజుల్లో గూడెంలో ఎటు చూసినా అతనే. స్టేషను రోడ్డులో, కూరగాయల మార్కెట్టు గోడ మీద, ఏలూరు వెళ్లే బస్సుల వెనక. వట్లూరు నుంచి ఒక కాలేజీవాళ్లు ఫోను చేసి పిల్లలకి నాలుగు మాటలు చెప్పమన్నారు. ఆరోగ్యం బాలేదన్నాడు. టీ కొట్టు దగ్గరికి వెళితే కూర్చున్నవాళ్లు లేచి చోటిచ్చారు. అప్పట్నుంచి టీ మానేశాడు. ఇంటికి రోడ్డు మీద నుంచి కాకుండా వెనక సందులోంచి వెళ్లడం మొదలుపెట్టాడు. ఉషశ్రీ పోస్టరుని ఫోనులో స్టేటస్ పెట్టుకుంది. సింధూరి తండ్రిని లాక్కెళ్లి పోస్టరు పక్కన నిలబెట్టి ఫొటో తీసింది. వీధిలో పిల్లలు సైనికుల ఆట ఆడుతున్నారు. ఒక పిల్లాడు కాలు వెనక్కి మడిచి కుంటుతూ, నేను జయంత్ మావయ్యని, నన్ను కాల్చండి అంటున్నాడు. ఆ సందులోంచి వస్తూ జయంత్ ఆ మాట విన్నాడు. గోడ చేరబడి పిల్లలు వెళ్లిపోయేదాకా అక్కడే ఉండిపోయాడు.

అమ్మకానికి ఇంకా కొన్ని రోజులుందనగా మిల్లు గేటు దగ్గరికి ఒకావిడ వచ్చింది. నేత చీర, చేతిలో ప్లాస్టిక్ సంచి, చెప్పుల నిండా దుమ్ము. పోస్టరులో ఉన్న బాబుగారు ఇక్కడే పనిచేస్తారని బస్టాండులో చెప్పారంది. జయంత్ గదిలోకి పిలిచి కుర్చీ వేశాడు. ఆవిడ కూర్చోలేదు.

పేరు కృపమ్మ. ఏలూరు నుంచి శ్రీపర్రు మీదుగా వెళ్లే దారిలో కొల్లేటి లంక ఊరు. చేపల చెరువుల మీద కూలికి వెళుతుంది. ఒక్కడే కొడుకు, తోమా. సైన్యంలో చేరి ఎక్కువ కాలం కాలేదు. మొన్నటి కాల్పుల రోజుల్లో దెబ్బ తగిలి ఎడమ చెయ్యి మణికట్టు దాకా తీసేశారు. ఆస్పత్రిలో ఉన్నాడు.

కృపమ్మ తలుపు వైపు చూసి, ఎవరూ లేరని నిర్ధారించుకుని గొంతు తగ్గించింది.

"మీకు తప్ప ఇంకెవరికీ చెప్పుకోలేనండి బాబూ. మావోడికి తూటా తగల్లేదు. రాత్రిపూట లైట్లు ఆర్పేసి బళ్లు తోలుకెళ్తున్నారంట. వాడెక్కిన లారీ పక్కకి ఒరిగి బోల్తా పడిందంట. చెయ్యి దాని కింద నలిగిపోయింది. నేనేమో ఊళ్లో తూటా తగిలిందని చెప్పేశానండి. పాస్టరుగారు ప్రార్థన కూడా పెట్టించారు. వాణ్ణి రేపో మాపో ఇంటికి పంపేస్తారంట. అందరూ అడుగుతారు కదండీ. వాడికి చెప్పడం రాదు, నాకూ రాదు."

ఆవిడ చీర కొంగు వేళ్లకి చుట్టుకుంటూ నేల చూస్తోంది.

"మీకు నిజంగా తగిలింది కదండీ. ఎటునుంచి తగుల్తది, ఎలా ఉంటది, పడిపోయాక ఏమవుద్ది, అవన్నీ నాకు చెప్పండి బాబూ. మావోడికి ఫోనులో చెప్పుకుంటాను. ఇలా అడగడం తప్పేనండి. తల ఎత్తుకోలేకే అడుగుతున్నాను."

బయట కాటా మీద లారీ ఎక్కి దిగింది. డ్రైవరు పిలిచినా జయంత్ లేవలేదు.

"అమ్మా, నాకు తూటా తగల్లేదు" అన్నాడు చివరికి.

తనకి చెప్పడం ఇష్టంలేక తప్పించుకుంటున్నాడనుకుంది కృపమ్మ. అంత దూరం నుంచి వచ్చానండి, కాదనకండి అంది. అప్పుడు జయంత్ జరిగింది జరిగినట్టు చెప్పాడు. డిపో, ఎండ, లారీ నీడ, కునుకు. తల్లి చెప్పిన మాట. ఊరుకోవడం. సొంతూరు వచ్చాక పన్నెత్తి ఎవరికీ చెప్పని విషయం మొదటిసారి ముక్కూమొహం తెలియని మనిషికి చెప్పాడు. చెబుతున్నంతసేపూ ఆవిడ అతని మొహం వైపే చూసింది. తర్వాత కిటికీలోంచి గోడ మీద పోస్టరు వైపు చూసింది.

"మరి అది?"

"నేను వేయించలేదమ్మా. వద్దని గట్టిగా చెప్పలేకపోయాను."

"మా ఊరి కుర్రాళ్లు ఆ బొమ్మ మావోడికి ఫోనులో పంపారండి" అంది కృపమ్మ. "అది చూసిన కాడ్నించే వాడు నా ఫోను సరిగ్గా ఎత్తడం లేదు. ఎత్తితే ఒక్కటే మాట. అమ్మా, ఆయన సైనికుడు, నేను లారీలోంచి పడ్డోణ్ణి, నేను ఇంటికి రాను అంటాడు. మీ మొహం చూసే మావోడు మొహం చాటేశాడు బాబూ."

ఆ మాటలో కోపం లేదు. కోపంగా అని ఉంటే బాగుండుననిపించింది జయంత్‌కి. మంచినీళ్లు ఇవ్వబోతే వద్దని సంచి తీసుకుని వెళ్లిపోయింది. గేటు దాటి పోస్టరు పక్క నుంచి పోతూ దాని వైపు చూడలేదు. అతను వెనకే గబగబా వెళ్లి ఫోను నంబరు అడిగి తీసుకున్నాడు. ఇచ్చింది కానీ ఎందుకని అడగలేదు.

ఆ సాయంత్రం ఇంట్లో ఉషశ్రీ బెండకాయలు తరుగుతోంది. సింధూరి ట్యూషనుకి వెళ్లింది. జయంత్ ఎదురుగా పీట వేసుకుని కూర్చుని చెప్పేశాడు. ఆమె చేతిలో కత్తి ఆగింది. అంతా విన్నాక, కోసిన ముక్కల్ని ఒక పక్కకి తోసి, మెల్లగా అంది.

"లారీ కింద పోయినా కాలు కాలేనండి. దానికి నేనేమీ అనుకోను. కానీ ఇన్నేళ్లుగా మా వాళ్లకీ, పక్కింటివాళ్లకీ, మన పిల్లకీ నేనే కదండీ చెబుతూ వచ్చాను. అది నా చేత చెప్పించారు."

ఉషశ్రీ ఫోను తీసి స్టేటస్‌లో బొమ్మ తొలగించింది. మళ్లీ కత్తి అందుకుంది. ఆ తర్వాత చాలా రోజులు అవసరమైన మాట తప్ప ఆ ఇంట్లో మాట వినపడలేదు.

మర్నాడు శేషగిరిరావుగారికి చెప్పాడు. సాహితి అక్కడే ఉంది. ఆయన కళ్లజోడు తీసి చాలాసేపు తుడుచుకుంటూ కూర్చున్నారు. అరవలేదు, తిట్టలేదు. "అమ్మకం అయ్యేదాకా ఆగండి జయంత్ గారూ" అన్నారు. ఇప్పుడు బయటపెడితే జనం మొత్తం మోసమనుకుంటారు, ఒక్క బొమ్మ కదలదు, నష్టపోయేది ఆస్పత్రుల్లో ఉన్నవాళ్లు, మీ మనసు తేలికపడటానికి వాళ్ల నోటి దగ్గరది తీసెయ్యకండి అన్నది ఆయన వాదన. అందులో అబద్ధమేమీ లేదు. అలాగేనండీ అని వచ్చేశాడు జయంత్. వస్తూ, మళ్లీ తనకి కొన్ని రోజులు గడువు దొరికినందుకు లోపల సంతోషం లాంటిదేదో కదలడం గమనించాడు. తన మీద తనకే అసహ్యం వేసింది.

సాహితి వెనకే గేటు దాకా వచ్చింది.

"నేను అడగనే లేదండీ" అంది. "ఫొటో తీసేటప్పుడు అడగలేదు. కాలెలా పోయిందనీ అడగలేదు. నాకు కావలసిన బొమ్మ మీలో కనపడింది, అంతే. ఆ తల కట్టు నేనే కట్టాను, ఆ నెత్తురూ నేనే పెట్టాను."

జయంత్ ఆ అమ్మాయికి తోమా సంగతి చెప్పాడు. ఆ అబ్బాయి ఈ పోస్టరు చూశాడా అని అడిగింది. చూశాడన్నాడు. సాహితి మొహం తిప్పుకుంది.

అమ్మకం రోజు నేనూ కల్యాణమండపంలో ఉన్నాను. హాలు నిండిపోయింది. వరి చేలు, లాకుల మీద సాయంత్రాలు, కొల్లేటి పడవలు, పెలికాన్లు, దేవుళ్లు, పిల్లలు గీసిన జెండాలు. వేదిక మీద, అన్నిటికంటే ఎత్తులో, పోస్టరు అసలు చిత్రం. ముందుగా జయంత్‌కి శాలువా కప్పి ఆ తర్వాత అమ్మకం మొదలుపెట్టాలని ఏర్పాటు. పేరు పిలిచారు. అతను మెట్లెక్కి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. శేషగిరిరావుగారు శాలువా విప్పారు. జయంత్ రెండు చేతులూ జోడించి, వద్దండీ అని ఒక పక్కకి జరిగి మైకు దగ్గరికి వెళ్లాడు.

"అందరూ నన్ను క్షమించాలండీ" అన్నాడు. "ఈ బొమ్మలో ఉన్నట్టు నాకు జరగలేదు. నాకు తూటా తగల్లేదు. లారీ వెనక నిద్రపోతుంటే చక్రం ఎక్కింది. నేను యుద్ధం చూడలేదు. మీరు కొనబోయే బొమ్మలు నిజంగా గాయపడినవాళ్ల కోసం. వాళ్లని చూసి కొనండి, నన్ను చూసి కాదు. వాళ్లలో కూడా నాలాగే లారీ కింద పడ్డవాళ్లు ఉంటారు. వాళ్లు మొహం దాచుకోకూడదని చెబుతున్నాను."

వెనక వరసలోంచి ఎవరో, మరి ఇన్నాళ్లూ ఏమైందండీ అని అడిగారు. "ఇన్నాళ్లూ ఊరుకున్నానండీ" అన్నాడు జయంత్. "తప్పే."

ముందు వరసలో మాధవరం నుంచి వచ్చిన ముసలి హవల్దారు ఒకాయన కూర్చున్నాడు. ఆయన కర్ర ఆనించుకుని లేచాడు. ఏదో ఓదార్పు మాట చెబుతాడని అందరం అనుకున్నాం.

"మా ఊళ్లో యుద్ధాల్లో పోయినవాళ్ల పేర్లు రాతి మీద ఉన్నాయి బాబూ" అన్నాడాయన. "వాళ్లలో ఎవరూ లేచొచ్చి ఏది నిజమో, ఏది కాదో చెప్పలేరు. నువ్వు చెప్పగలిగి కూడా ఇన్నేళ్లు చెప్పలేదు."

అని మెల్లగా నడుచుకుంటూ బయటికి వెళ్లిపోయాడు. ఆయన వెనక ఇంకొందరు వెళ్లారు. జయంత్ వేదిక మీదే నిలబడి ఉన్నాడు. ఉషశ్రీ సింధూరి చెయ్యి పట్టుకుని నాలుగో వరసలో కూర్చుని ఉంది. ఆమె లేవలేదు, తల వంచలేదు. అతను దిగి వచ్చి పక్కన కూర్చున్నాక కొంగు సర్దుకుని కాస్త జరిగి చోటిచ్చింది. సింధూరి తండ్రి వైపు ఒకసారి చూసి, తల్లి ఒళ్లో మొహం పెట్టుకుంది.

అమ్మకం జరిగింది. అనుకున్నంత కాకపోయినా జరిగింది. మిగిలిపోయిన బొమ్మలు వేసినవాళ్లు జయంత్ వంక గుర్రుగా చూశారు. వాళ్ల తప్పేం లేదు. పోస్టరు అసలు చిత్రాన్ని కొంటానని భీమవరం నుంచి వచ్చినాయన ముందుకొచ్చాడు, అంత గొడవయ్యాక అది ఉంచుకోవాలనిపించిందేమో. సాహితి అమ్మేది లేదంది. దింపి గోడ వైపు తిప్పి పెట్టింది.

ఉద్యోగం పోలేదు. కానీ శేషగిరిరావుగారు అప్పట్నుంచి జయంత్ గారూ అనడం మానేసి జయంత్ అని పిలుస్తున్నారు. జట్టు కూలీలు మిలిటరీగారూ అనే అంటున్నారు, ముందు ఒక్క క్షణం ఆగి. టీ కొట్టు దగ్గర మాత్రం ఎవరూ లేవడం లేదు. ఒకసారి అతను వెళుతుంటే వెనకనుంచి, లారీ మిలిటరీ అని ఎవరో అన్నారు. నలుగురు నవ్వారు. జయంత్ వినపడనట్టే టీ తాగి వచ్చాడు. నేను అక్కడే ఉన్నాను. ఆ నలుగురి మధ్య నవ్వు ఆపుకోవడం నాకూ కష్టమైంది. ఆ మాట రాసుకోవడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

పోస్టర్లు మాత్రం అలాగే ఉండిపోయాయి. తీసేవాళ్లెవరు? కొన్ని రోజుల పాటు పొద్దున్నే, డ్యూటీకి ముందు, జయంత్ బకెట్టు నీళ్లూ, ఇనుప రేకు ముక్కా పట్టుకుని గోడల వెంట వెళ్లాడు. తడిపి, గీకి, తన మొహం తానే ఊడదీశాడు. రెండో రోజు నుంచి సాహితి స్కూటీ మీద వచ్చి కలిసింది. ఇద్దరూ పెద్దగా మాట్లాడుకునేవారు కారు. బస్టాండు పైన, అందని ఎత్తులో ఉన్నవి వానలకి పోయేదాకా ఉన్నాయి.

అత్తిలి నుంచి వీరరాఘవమ్మ వచ్చి ఒక పూట ఉండి వెళ్లింది. ఊళ్లో తలెత్తుకోలేకుండా చేశావని కొడుకుతో అంది. వెళ్లే ముందు, కుంటివాడికి పిల్లనెవరిస్తారని భయపడ్డానమ్మా, అంతకంటే నాకేం తెలీదు అని కోడలితో చెప్పి ఏడ్చిందట. ఉషశ్రీ ఆవిడకి బస్సు దాకా తోడెళ్లింది.

ఇక తోమా సంగతి. కల్యాణమండపంలో ఎవరో తీసిన వీడియో ఫోన్లలో తిరిగింది. కృపమ్మ నంబరుకి జయంత్ రెండుమూడుసార్లు చేసినా ఆవిడ ఎత్తలేదు. ఆషాఢం వెళ్లాక ఒకరోజు తనే చేసింది. మావోడు పొద్దున్న రైలుకి ఏలూరులో దిగుతున్నాడండి, ఊళ్లో ఎవరికీ చెప్పొద్దన్నాడు, మిమ్మల్ని మాత్రం రమ్మన్నాడు అంది.

జయంత్ సెలవు పెట్టి వెళ్లాడు. ప్లాట్‌ఫారం మీద కృపమ్మకి కాస్త దూరంగా నిలబడ్డాడు. రైలు ఆగింది. బ్యాగు భుజాన వేసుకుని సన్నటి కుర్రాడు దిగాడు. చొక్కా ఎడమ చెయ్యి చివర కుట్టేసి ఉంది. తల్లి రెండు చేతులతో అతని మొహం పట్టుకుని అలాగే ఉండిపోయింది. తర్వాత తోమా జయంత్ దగ్గరికి వచ్చి, ఆగి, సెల్యూట్ చెయ్యాలా వద్దా అని తేల్చుకోలేనట్టు నిలబడ్డాడు. జయంతే ముందుగా చెయ్యి చాపాడు.

"మీరు ఎన్నేళ్లు చెప్పలేదు సార్?" అని అడిగాడు తోమా.

"పదేళ్లు దాటింది."

"నేను రెండు నెలలకే అలిసిపోయాను సార్" అన్నాడా కుర్రాడు. కాసేపాగి, "ఆ పోస్టరు చూసినప్పుడు మీ మీద చాలా కోపం వచ్చింది. వీడియో చూశాక ఇంకా ఎక్కువ వచ్చింది" అన్నాడు.

"రావాల్సిందే" అన్నాడు జయంత్.

స్టేషను బయటికి వచ్చాక ముగ్గురూ ఇడ్లీ తిన్నారు. తోమా ఒంటి చేత్తో గ్లాసూ ప్లేటూ సర్దుకోలేక ఇబ్బంది పడుతుంటే కృపమ్మ అందుకోబోయింది. వద్దన్నట్టు జయంత్ ఆవిడ వైపు చూశాడు. శ్రీపర్రు వైపు వెళ్లే ఆటో ఎక్కుతూ తోమా, మా ఊరు ఎప్పుడైనా రండి సార్ అన్నాడు. మర్యాదకి అన్నాడో, నిజంగానే అన్నాడో జయంత్‌కి తెలియలేదు. ఆటో మలుపు తిరిగేదాకా రోడ్డు మీదే నిలబడి, గూడెం బస్సు కోసం నడిచాడు.